ఒక్క మిషన్ కోసం

మట్టి పరీక్షల ఫలితాలు దాచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి నరేందర్ రాశాడు. శంషాబాద్‌లోని తన కిరాయి గదిలో కూర్చుని, పాత ప్రాసెసర్లున్న కంప్యూటర్ల కోసం దాన్ని మూడేళ్లుగా నెలనెలా వేరుగా కంపైల్ చేసి, అంటే వాటిమీద నడిచేలా తయారుచేసి, తన వెబ్ పేజీలో పెడుతున్నాడు. అక్కడి నుంచి ఆ పాత రకాన్ని దించుకునేది ఒక్కరే, అది కావాలని మొదట్లో ఫోన్ నంబరిచ్చి మెయిల్ రాసిన మంజుల; రాజేంద్రనగర్‌లో మట్టి పరీక్షలు చేస్తుంది. ఇక ఆపేస్తున్నానని చెప్పడానికి ఆమెకు మొదటిసారి ఫోన్ చేశాడు.

"అక్కా, వచ్చే నెల నుంచి పాత ప్రాసెసర్లకు చేస్తలేను. కొత్తవాటికి చేసింది మీ కంప్యూటర్ల నడవదు. జర వేరేది చూసుకోండ్రి."

"మా కంప్యూటర్ పోయిన వానకాలమే ఖరాబైంది తమ్మీ. కొత్తది ఇచ్చిండ్రు."

"మరి నెలనెలా దించుకుంటున్నదెవరు?"

"నేనే. ఇంట్ల కూసోని ఫోన్‌లకు దించుకుంటున్న."

"ఫోన్‌ల అది తెరుచుకోదు గదా!"

"తెలుసు. ఎంతమంది దించుకున్నరో నీ పేజీల కనబడుతది. అక్కడ సున్న చూస్తే నీకు మనసు కష్టమైతదనుకున్న."



"నేను ఆపితే మీ పని ఆగిపోతదని నేను చేస్తున్నక్కా."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది.

"దానికోసం ఎంతసేపు కూసునేటోనివి?"

"నెలకు ఒక ఆదివారం. పొద్దుగూకేదాక."

"మరి ఇగ ఆ ఆదివారం ఏం చేస్తవ్?"

ఆ సంగతి అతను ఆలోచించనేలేదు.

"ఆదివారం మీరేం చేస్తరక్కా?" అని అడిగాడు.