హెక్టర్ బాబు రాతిఫలకం

ఏంటి దొరగారూ ఇది? "పుట్టువేటగాడు, సైన్యానికి గురి నేర్పిన గురువు" అనా పోయిన మీ అబ్బాయి పేరిట రాతిమీద చెక్కించారు? పైగా ఆదివారం చర్చి ముందు నేను, మీ వేటబంటు ఫార్కర్‌ని, లేచి, నిజమే, కళ్ళారా చూశాను అనాలా! అలా అంటే మీరిచ్చిన ఈ ఇల్లు చచ్చేదాకా నాదేనా! బాగుంది బేరం.

నవ్వొస్తోంది, ఏమనుకోకండి. హెక్టర్ బాబు నేర్పాడా? ఎవరికి? మాకా?

మన స్కాట్లండు కొండల్లో దుప్పివేట ఎలా సాగుతుందో మీకు తెలీదూ? దుర్భిణి పట్టి దుప్పిని వెతికేది నేను. గాలివాటం చూసి, బురదలో బోర్లా పాకించి మిమ్మల్ని చేర్చేది నేను. తుపాకి చేతికిచ్చి "ఇప్పుడు కాల్చండి" అనేదీ నేనే. మీరు వేలు ఆడిస్తారు. కొమ్ములు మీ హాల్లో వేలాడతాయి! సొమ్మొకడిది, సోకొకడిది.

యుద్ధంలోనూ అదే తంతు. శత్రువు కంటపడకుండా గోనెపీలికలు కప్పుకుని, గడ్డిదుబ్బులా ఎలా పొంచి కాల్చాలో ఫ్రాన్సులో పట్నం కుర్రాళ్ళకి నేర్పింది మేం, మీ వేటబంట్లం. సైన్యం దానికి బడి అని పేరెట్టింది. ఆ బడికి పెద్ద అని ఎవర్ని కూర్చోబెట్టింది? గాలి ఎటు వీస్తోందో తెలీని లెఫ్టినెంట్ హెక్టర్‌ని!

ఏంటీ? పోయినవాణ్ణి ఆడిపోసుకోకూడదా? అయితే ఎలా పోయాడో వినండి.

ఆ పొద్దున శత్రువు కందకాలకి ఎదురుగా నా పక్కనే బోర్లా పడుకున్నాడు. నేను చూపించాను, తను కాల్చాడు. తగిలింది. తగిలిందో లేదో చూద్దామని తలెత్తడం ఆయనకి చిన్ననాటి రోగం. కొండమీద అలా లేవబోయినప్పుడల్లా మడమ పట్టుకుని కిందికి లాగేవాణ్ణి. దుప్పిమంద కదిలిపోయేదాకా వదిలేవాణ్ణి కాదు. దొరబిడ్డ మీద మాలాంటోడు చెయ్యి వెయ్యగలిగేది అక్కడొక్కచోటే కదండీ.

ఆయన పోవడానికి ముందురోజు ఫ్రాన్సులోనూ అలాగే లాగాను, కుర్రాళ్ళందరి ముందూ. లేచి నా చెంప పగలగొట్టాడు. "నేను అధికారిని. ఇంకోసారి నా మీద చెయ్యి వేశావో!" అన్నాడు.

వెయ్యలేదు.

మోచేతుల మీద లేవడం చూశాను దొరగారూ. మడమ నా చేతికి జానెడు దూరంలో ఉంది. లాగడానికి బోలెడంత వ్యవధి. లేవనీ, బుద్ధొస్తుంది అనుకున్నాను. అవతలినుంచి ఒక్కటే గుండు.

ఇల్లు ఖాళీ చెయ్యమంటారా? చేస్తాను. చర్చి ముందు లేచి నిలబడమంటే నిలబడతాను కూడా. కానీ ఆయన చస్తాడని నాకు తెలీదని మాత్రం నా చేత అనిపించలేరు.