బిల్కిస్ అడిగిన కుండ

ఎల్లారెడ్డి కుమ్మరివాడ. పంతొమ్మిది వందల ఎనభై ఏడు, ఎండాకాలం. ప్లాస్టిక్ బిందెలొచ్చి బేరం సగం చంపేసిన వాకిట్లో ముసలి గౌరవ్వ. ఆమె ఎదురుగా, పొద్దుటి బస్సుకు కామారెడ్డి నుంచి దిగిన నర్సరీ మాలి సిరాజుద్దీన్, పక్కింటి ఆడపిల్ల బిల్కిస్ భర్త. అతని ఒళ్లో పింగాణీ తట్ట, తట్టలో మూరెడు చింతచెట్టు.

"ఇది కాదవ్వా."

"ఇది గూడ కాదా? గుండ్రంగ ఉన్నది, అంచు సాపుగ ఉన్నది, ఏలితోని కొడితే గంట లెక్క మోగుతున్నది. ఇంకేం గావాలె నీకు?"

"గంత మంచిగ ఉండొద్దు."

"ఏందీ?"

"గంత గుండ్రంగ ఉండొద్దంటున్న. కుండ లెక్క కనవడొద్దు."

"కుమ్మరోళ్ల ఇంటికొచ్చి కుండ లెక్క కనవడొద్దంటవు. బస్సుల ఎండదెబ్బ గిట్ల తగిలిందా అల్లుడా?"

"నవ్వకవ్వా. బండ లెక్క ఉండాలె. గుట్ట మీద బండ నెర్రెవాస్తది సూడు, గా నెర్రెల చెట్టు మొలుస్తది సూడు, గట్ల. మనిషి చెయ్యి పెట్టినట్టే ఉండొద్దు."

"నలభై ఏండ్లసంది మా ముసలోడు సారె తిప్పవట్టె, నేను చెక్కతోని కొట్టి సాపు చెయ్యవడితి. ఎవడన్న వంకరున్నదంటే నాకు రోజంత అన్నం దిగకపోయేది. ఇప్పుడు నువ్వొచ్చి వంకర కావాల్నంటవు."

"నేను కాదు. బిల్కిస్ అంటున్నది."

"మరి గీ తట్టకేమైంది? తెల్లగ, సక్కగున్నది."

"హోటల్ల ప్లేటుల పెట్టినట్టున్నదంట. చెట్టుకు సిగ్గయితున్నదంట."

"గట్లనే అంటది అది. ఎన్నేండ్లు ఈ చెట్టుకు?"

"పదకొండు."

"పదకొండేండ్లకు మూరెడా? కడుపు మాడ్చినవా దీన్ని?"

"కొమ్మ కత్తిరించాలె, ఏరు కత్తిరించాలె. బోన్సాయి అంటరు. మా నర్సరీల ఆఫీసరు నేర్పిండు. నేను నాలుగు పెడితే మూడు సచ్చినయి. ఇదొక్కటి బిల్కిస్ చేతుల పడ్డది, బతికింది."

"మాలి నువ్వు. బతికిచ్చేది నా బిడ్డ."

"గదే అంటది ఆమె గూడ."

"దాన్ని గూడ తోలుకరాకపోయినవా? ఈ వాకిలి సూడక ఏడాదాయె."

"బస్సు కుదుపులకు కష్టమైతదని..."

"ఏం, ఇంక తగ్గలేదా?"

"తగ్గుతున్నది. కడుపుల పుండు. గోలీలు మింగుతున్నది. గా మూలకేందవ్వా, గా కుప్పల?"

"అది పలిగిన పెంకుల కుప్ప."

"గా కిందిది తియ్యి. నల్లగున్నది."

"అదా? పచ్చిగ ఉన్నప్పుడే పక్క గోలెం ఒరిగి మీద పడ్డది. ఒక దిక్కు అణిగింది. ముసలోనికి కండ్లు ఆనయి, సూసుకోక అట్లనే బట్టీల పెట్టిండు. పొగ పట్టి నల్లగైంది. ఎవలన్న సూస్తే ఇజ్జత్ పోతదని కింద దాచిన."

"గిదే అవ్వా. గిదే."

"నన్ను యెక్కిరిస్తున్నవా?"

"కసమ్. అచ్చం బండనే. సూడు, గీ అణిగిన దిక్కు చెట్టు వంగాలె. గా గీరలు సూడు, వాన కొట్టి కొట్టి పడ్డట్టున్నయి. సూస్తే ఎంత మురుస్తదో."

"మా ముసలోడు ఇంటే ఏడుస్తడు. మంచిగ చేసినయి ఎవ్వలు కొంటలేరు, పాడైందానికి మొక్కుతున్నరు అంటడు. తీస్కపో. ఊకెనే తీస్కపో. బిల్కిస్‌కు నేనిచ్చిన్నని చెప్పు."

"ఒక్క పనున్నదవ్వా. అడుగున పొక్క పొడువు."

"ఏం పొడువాలె?"

"పొక్క. చిల్లు. పోసిన నీళ్లు కిందికి దిగాలె గద. లేకుంటే ఏరు కుళ్లుతది."

"పొడవ."

"పెద్దది కాదు. ఏలు పట్టేంత."

"పొడవనన్న గద."

"కష్టమా? గా ఉలి నాకియ్యి, నేనే మెల్లగ..."

"చెయ్యి తియ్యి. సిరాజూ, దాని మీదికెళ్లి చెయ్యి తియ్యి."

"అరె, పాడైందే గదవ్వా. మీరు పూలకుండీలు చెయ్యరా? వాటికి పొక్కలుండవా?"

"చేసెటోళ్లు చేస్తరు, వాళ్ల ఇష్టం. మా ఇంట్ల చెయ్యం. చెయ్యలే. పొక్కల్లేకుంట ఎన్ని కావాల్నంటే అన్ని తీస్కపో."

"బిల్కిస్ ముందే చెప్పింది."

"ఏం చెప్పింది?"

"అవ్వ పొడవనంటది అన్నది."

"ఎరికుండి ఎందుకు తోలింది నిన్ను?"

"ఏమో. నేనైతే కామారెడ్డిలనే సిమెంటు తొట్టి తెస్త అన్న. వద్దన్నది. రెండు రోజులు గిదే పోరు. గౌరవ్వ కాడికే పో, పొక్క పొడవమను, పొడవనంటే ఎందుకో అడుగు, చెప్పెదాక అక్కడినుంచి లేవకు, అన్నది."

"గట్ల అన్నదా?"

"ఆ. మరి చెప్పు. ఎందుకు పొడవవు?"

"ముందుగాల ఇంటికాడ ఎట్లున్నదో చెప్పు."

"చెప్పిన గద. పుండు. వానలు పడెవరకు లేసి తిరుగుతది."

"పోయిన నెల మా వాడకట్టు రాజమణి సూసొచ్చింది. గుర్తుపట్టలేదంట దాన్ని. సగమైందంట."

"రాజమణికేం తెలుసు?"

"ఏం తింటున్నది?"

"జావ."

"ఎంత?"

"తింటున్నదవ్వా."

"ఎంత సిరాజూ?"

"రెండు చెంచలు."

"హైద్రబాదు తోలుకపోయినవంట గద."

"ఊకె సూపిద్దామని పోయినం. నువ్వు పొక్క సంగతి చెప్పు. నాకు ఒంటిగంట బస్సున్నది."

"ఇంటవా? ఇను. మా దాంట్ల మనిషి పోతే, కొడుకు నీళ్లకుండ బుజం మీద పెట్టుకొని కాష్టం చుట్టు తిరుగుతడు. ఒక్కో సుట్టుకు ఒక్క పొక్క పొడుస్తరు. మూడు సుట్లు, మూడు పొక్కలు. నీళ్లన్ని కారిపోతయి. ఆఖరికి కుండ ఎనకకిడిచి మల్లి సూడకుంట పోతరు. గా కుండ మేమే చేసిస్తం. మాకు పొక్కంటే గదే. బతికున్న మనిషి పేరు చెప్పి, అండ్ల నా బిడ్డ అసొంటి దాని పేరు చెప్పి, నా చేతులతోని నేను పొడుస్తనా?"

"మాకు తెల్వది గద అవ్వా. మా దాంట్ల కుండ ఉండది."

"నీకు తెల్వది. నిన్నేమంటలేను."

"బిల్కిస్‌కు తెలుసా?"

"ఎందుకు తెల్వది? గీ పక్కింట్లనే గద పుట్టింది. పన్నెండేండ్లప్పుడు ఆడుకుంట ఆడుకుంట పచ్చికుండకు మొల గుచ్చింది. ఈపుల ఒక్కటేసిన. ఏడిస్తే దగ్గర కూసోవెట్టుకొని నీకిప్పుడు చెప్పిన ముచ్చటే దానికి చెప్పిన. ఇగ అప్పటిసంది ఒక్కనాడు... ఏమైంది? ఎందుకట్ల సూస్తున్నవు?"

"జర నీళ్లియ్యి."

"తాగు. మెల్లగ తాగు."

"పుండు కాదవ్వా."

"చెప్పు."

"గడ్డ. హైద్రబాదుల డాక్టరు నన్నొక్కణ్ణి బయటికి పిలిచి చెప్పిండు. కోస్తే లాభం లేదన్నడు. ఇంటికి తీస్కపో, ఏదడిగితే అది పెట్టు అన్నడు. వానలదాక ఉంటదేమో అన్నడు."

"నా తల్లీ."

"ఎవ్వలకు చెప్పలే. ఆమె అన్నదమ్ములకు గూడ చెప్పలే. రోజు నవ్వుకుంట ముందు కూసుంట. పుండు మానుతున్నదని, ముఖం తేటకొచ్చిందని చెప్త. అవునా అని ఆమె గూడ నవ్వుతది. బలం గోలీలు అని చెప్పి నొప్పి గోలీలు ఇస్త, మింగుతది."

"ఏమన్న అడుగుతదా?"

"ఏమడగది. చెట్టు గురించే మాట్లాడుతది. చింతకు ఎప్పుడు నీళ్లు పొయ్యాలె, కొత్త చిగురు ఏడికి తుంచాలె, ఏరు ఎన్నేండ్లకు కత్తిరించాలె, అన్ని నాకు చెప్తది. మాలికి నాకు చెప్తది అవ్వా. చెప్పినయి మల్ల నాతోని ఒప్పజెప్పిచ్చుకుంటది. మరిచిపోతే కోపానికొస్తది. కొత్త కుండ కావాల్నన్ననాడు నాకు పానం లేసొచ్చింది. కుండ అడిగిందంటే దాన్ల చెట్టును సూసుకుంట ఇంకిన్నేండ్లు ఉంటననే గద. ఆశ ఉన్నది ఆమెకు. గా ఆశ నేను తియ్య. నీ కాళ్లు మొక్కుత, నువ్వొచ్చినా నోరు జారకు. ఆమెకు తెల్వొద్దు. తెలిస్తే తట్టుకోదు."

"ఆమెకెప్పుడో తెలుసు బిడ్డా. నువ్వే తట్టుకోవని, నా నోటితోని నీకు చెప్పియ్యనీకె గీ కుండకు తోలింది. గా ఉలి ఇటియ్యి, పొడుస్త."