టంకం నిలవని చెయ్యి

ఊళ్లు చూడ్డానికి బయల్దేరిన భార్యాభర్తలు దారిలో వెండి ఉంగరాలు చెయ్యడం నేర్పే తరగతిలో కూర్చున్నారు. ఉంగరం కొసల్ని అతికించే టంకం ముక్క, బియ్యపు నూకంతది, భర్త పట్టుకారులోంచి మళ్లీ జారిపోయింది.

"ఉంగరం కాలేదు గానీ కంగారు మాత్రం తయారైందోయ్."

"ఎవరికి కంగారు?"

"టంకానికి. పంకా గాలికి ఎగిరిపోతోంది."

"మంట నిలవదని గురువుగారు పంకా ఎప్పుడో ఆపేశారండీ."

"అయితే బల్ల కుంటిది."

"నాదీ అదే బల్ల. నా ముక్క కదల్లేదు."

"నీ ముక్క నీలా బుద్ధిమంతురాలు."

"జోకులాపి చెయ్యి ఇలా ఇవ్వండి."

"అందరూ చూస్తే కొత్త దంపతులనుకుంటారు."

"ఎన్నాళ్ల నుంచి వణుకుతోంది?"

"గురువుగారు పిలుస్తున్నట్టున్నారు."

"పిలవలేదు. టీ సాసర్‌లో ఒలుకుతుంటే ఊరుకున్నాను. గడ్డం గీసుకోవడం మానేసి మంగలి దగ్గరికెళ్తుంటే ఊరుకున్నాను. నాకు ఉంగరాల మోజు ఎప్పుడుందండీ? మీ చెయ్యి చూద్దామనే ఇక్కడికి లాక్కొచ్చాను."

"మా నాన్నకీ కుడిచేత్తోనే మొదలైందే. ఆఖరికి చెంచా కూడా పట్టుకోలేకపోయాడు. నీతో చెప్తే నిజమైపోతుందనిపించింది."

"ఇంటికెళ్లగానే డాక్టరుకి చూపిద్దాం."

"ఆయన అవునంటే?"

"ముందు ముక్క పెట్టండి. మణికట్టు నేను పట్టుకుంటాను."

"కూర్చుంది. కానీ నువ్వు పట్టుకున్నా వణుకు ఆగలేదే."

"ఇప్పుడు వణికేది మీ చెయ్యి కాదండీ. నాది."