వాలిన భుజం

ఇరవై రెండేళ్లుగా ఒకే దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టరుగా ఉన్న భర్త, ఆ సాయంత్రం తన కత్తెరను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేశాడు. వంకాయలు తరుగుతున్న భార్య అది చూసింది.

“కుట్టుపని నేర్పే బడిలో పాఠాలు చెప్పడానికి చేరదామనుకుంటున్నా.”

“నలభై ఏడేళ్లొచ్చాక పంతులుద్యోగమా? పిల్లదాని కాలేజీ, అత్తయ్య మందులు ఎలా?”

“జీతం కాస్త తక్కువే. కానీ మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తా. అమ్మని ఆస్పత్రికి నేనే తిప్పుకుంటా.”

“అసలేం జరిగింది?”

“నా కటింగ్ బల్ల తన పెద్దల్లుడికి ఇచ్చేశాడు యజమాని. కత్తెర పట్టడం వచ్చిన ఎవడైనా చేసే పనేగా అన్నాడు, అందరి ముందూ.”

ఆమె చేతిలో కత్తి ఆగింది.

“తన భుజం సంగతి మర్చిపోయాడా ఆ యజమాని?”

“కుడివైపు అంగుళం కిందికి వాలుంటుంది. ఇన్నేళ్లూ కోటు లోపల మెత్త పెట్టి ఎవరికీ తెలీకుండా కప్పుకొచ్చా.”

“ఆ కొలతలు ఎక్కడైనా రాసిపెట్టారా?”

“ఒకసారి రాసుకుంటే, నువ్వేమైనా యజమానివా అని పుస్తకం చించేశాడు. అన్నీ నా బుర్రలోనే ఉన్నాయి.”

“ఆదివారం వాళ్ల చిన్నమ్మాయి పెళ్లి. ఆయన కోటు కత్తిరించారా?”

“ఇంకా లేదు. రేపు అది కత్తిరించిచ్చేసి, నెలాఖరుకి మానేద్దామని.”

ఆమె చేతులు తుడుచుకుని, ఫోను తెచ్చి అతని ముందు పెట్టింది.

“నెలాఖరుదాకా దేనికండీ? ఇప్పుడే చెప్పెయ్యండి. కోటు అల్లుడుగారు కత్తిరిస్తారు. పెళ్లి ఫొటోలు ముప్పై ఏళ్లు గోడ మీదుంటాయి.”