‘ఇంకా రాని’ బండ్ల గుమాస్తా

1949వ సంవత్సరం మే నెల తొమ్మిదో తేదీ సోమవారం నాడు జనాబ్ మహమ్మద్ ఫజలుద్దీన్ సాహెబు గారు మన పురపాలక కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. వారి సర్వీసు పుస్తకంలో ఆ తేదీ మొదట ఉర్దూలో, నిజాం సర్కారు ఫసలీ లెక్కన, తీర్ మాసంగా ఉన్నది. దాని కింద ఎవరో ఎర్రసిరాతో ఇంగ్లీషు తేదీ వేశారు. ఆ పక్కన తెలుగులో వేసినవాణ్ణి నేను. ఒక మనిషి కొలువులో చేరిన ఒక్క రోజును మూడు భాషల్లో మూడుసార్లు రాసుకున్నాము గాని, ఆ మనిషి మాత్రం పందొమ్మిదేండ్లు ఒకే కుర్చీలో కూర్చున్నారు. నేడు, 1968 ఆగస్టు ముప్పై ఒకటో తేదీ సాయంత్రం, ఆ కుర్చీ ఖాళీ అవుతున్నది. వారి పదవీ విరమణ సందర్భంగా వేసే ఈ సంచికకు అభినందన వ్యాసం రాయమని ఆదేశించిన సిబ్బంది సంఘం పెద్దలు, ‘జర సంతోషంగ రాయి దశరథం’ అని కూడా అన్నారు. ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను.

వారు చేరేనాటికి పోలీసు చర్య ముగిసి ఎనిమిది నెలలు. మన ఊరి సందుల్లో, సరాయి వెనుక, వాగు ఒడ్డున, ఎక్కడ చూసినా దిక్కులేని బండ్లే. ఎద్దులు లేని సవారీ బండ్లు, చక్రాలు ఊడిన మోటార్లు, యుద్ధకాలంలో బొగ్గు గ్యాసుతో నడిచి నడిచి ఆగిపోయిన ఒక బస్సు. కొన్ని యజమానులు పారిపోతూ వదిలినవి, కొన్ని యజమానులు పోగా మిగిలినవి. ఏది ఏ రకమో పైకి చెప్పే ధైర్యం ఎవరికీ లేని రోజులవి. ఇటువంటి వాహనాల విషయంలో పురపాలక నిబంధన సూటిగా ఉన్నది: బాటమీద పదిహేను రోజులు కదలక నిలిచిన బండికి నోటీసు అంటించాలి, వారం తరువాత బందెలదొడ్డికి లాగించాలి, తొంభై రోజుల్లో ఎవరూ రాకుంటే హర్రాజు పెట్టాలి. ఉర్దూ ఫారాల్లో వీటి పేరు ‘లావారిస్ గాడీ’. ఆ దొడ్డి తాళంచెవి కొత్త గుమాస్తా చేతికి వచ్చింది.

నోటీసు అంటించడానికి ఒక జిగురు డబ్బా చాలు. ఫజలుద్దీన్ సాహెబు గారు దానికి తమంతట తాముగా మరొక పని చేర్చారు. బండి ఆగిన చోట చుట్టుపక్కల మూడు ఇండ్ల తలుపులు తట్టి, ‘గిది ఎవలిది? యాడికి వోయిండు? మల్ల వస్తనన్నడా?’ అని అడిగి, జవాబులు రిజిస్టరులో ఎక్కించి, అప్పుడుగాని కాగితం అంటించేవారు కారు. ఆనాటి చైర్మను గారొకరు, ‘బండి పట్టుకరమ్మంటే పెండ్లి సంబంధం అడిగొస్తవేందయ్యా?’ అని పదిమంది ముందు ఎగతాళి చేశారట. వీరు నవ్వి, మరునాడు మళ్ళీ మూడు తలుపులు తట్టారు. ఆ తట్టడం వల్లనే నాందేడు నుంచి ఒక ముసలాయన తన బండిని వెతుక్కుంటూ వచ్చి, చక్రం పట్టుకొని చాలాసేపు ఏడ్చి, తోలుకొనిపోయారని పాత సిబ్బంది నేటికీ చెప్పుకుంటారు.

ఇక నా సంగతి. నేను 1957లో చేరాను. తెలుగు పండిత పరీక్ష ప్యాసై గుమాస్తా పనికి వచ్చినవాణ్ణి. ఈ కార్యాలయం మొత్తంలో అరసున్న ఎక్కడ పెట్టాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అన్న అహంకారం ఉండేది, ఎందుకు దాచాలి? అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, ఉర్దూ ఫారాలు ఒక్కొక్కటిగా బీరువాల్లోకి పోతున్నవి. 1961 ఎండాకాలంలో, నోటీసులన్నీ తెలుగులో ఉండవలెనని ఉత్తరువు వచ్చి అనువాదం నాకు అప్పగించారు. వారిస్ అంటే వారసుడు, లా అంటే లేడు. ఇంత సులువైన మాట మరొకటి ఉండదనుకున్నాను. ‘వారసులు లేని వాహనము’ అని గుండ్రని అక్షరాలతో రాసి, అచ్చుకిచ్చి, నా భుజం నేనే తట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఫజలుద్దీన్ సాహెబు గారు ఒక బండి వ్యాజ్యంలో సాక్ష్యానికి కరీంనగర్ కోర్టుకు పోయి, వాయిదా మీద వాయిదా పడి, పది రోజులు రాలేకపోయారు. ఆ పది రోజులు జిగురు డబ్బా నా చేతిలో ఉన్నది.

బస్టాండు పక్క టాంగాల అడ్డాలో ఒక టాంగా గుర్రం లేకుండా, నొగలు నేలకానించి, రెండేండ్లుగా నిలిచి ఉండేది. అది భూమవ్వ కొడుకు కొండల్‌దని ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. గుర్రం చచ్చిపోతే, మందమర్రి బొగ్గుబాయిల పని దొరుకుతుందని, టాంగా లైసెన్సు ఇత్తడి బిల్లను జేబులో వేసుకొని 1959లో వెళ్ళిన కొండల్ మళ్ళీ రాలేదు, కబురూ లేదు. తల్లి ప్రతి అంగడినాడూ వచ్చి ఆ టాంగాను తడిగుడ్డతో తుడిచి పోయేది. అందుకే ఫజలుద్దీన్ సాహెబు గారు దానికి ఏనాడూ కాగితం అంటించలేదు. మూడు తలుపులు కాదు, ఒక్క తలుపు తట్టినా ఈ సంగతి నాకు తెలిసేది. ఎండ మండిపోతున్నది, నాకు చిరాకుగా ఉన్నది, తట్టలేదు. కాగితం అంటించి చేతులు దులుపుకొని వచ్చాను.

అంగడినాడు భూమవ్వ తడిగుడ్డతో వచ్చి, ఆ కాగితం చూసి, పక్కన కిరాణా దుకాణం అంతయ్యను చదవమన్నది. అంతయ్య పైకి చదివాడు.

‘వారసుల మాట ఎప్పుడొస్తది అంతయ్యా?’ అని అడిగిందట.

‘మనిషి వోయినంకనే గదవ్వా.’

అంతే. కొడుకు పోయిన సంగతి సర్కారుకు తెలిసింది, తనకే తెలియలేదు అనుకున్నది ఆ తల్లి. గుడ్డ అక్కడే పడేసి ఇంటికి పోయింది. వాడవాళ్ళు చుట్టూ చేరారు, ఏడ్పులు లేచాయి. మూడో నాడు కొండల్‌కు ఇష్టమని మక్కగట్క, ఎండుచేపల పులుసు వండి, వాగొడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళ పేర పెట్టిన అన్నాన్ని పిట్ట వచ్చి ముట్టాలని మన దగ్గర ఆచారం. పొద్దు గూకేదాకా కూర్చున్నారు. ఒక్క పిట్ట కూడా వాలలేదు. ‘పిలగానికి ఏదో కోరిక మిగిలింది’ అని వాడవాళ్ళన్నారు. భూమవ్వ ఒప్పుకోలేదు. మరునాడు పొద్దున్నే కార్యాలయానికి వచ్చింది. ఫజలుద్దీన్ సాహెబు గారు కరీంనగర్ నుంచి దిగి, ఇంకా చేతిసంచీ బల్లమీద పెట్టనైనా లేదు.

‘ఎవలు రాసిన్రు గీ కాయితం?’ అన్నది. నేను లేచి నిలబడ్డాను.

‘పిట్టకు వెట్టిన సారూ. పొద్దుందాక కూసున్న. ముట్టలే. నా కొడుకు బతికే ఉన్నడు. నీ కాయితం అబద్దం.’

 వ్యాకరణం చదివినంతా చదివి, బతికున్న కొడుక్కి తల్లిచేత పిండాకూడు వండించినవాణ్ణి నేను. ఫజలుద్దీన్ సాహెబు గారు ఆ నోటీసును రెండుసార్లు చదివారు. నా వంక చూడలేదు. చూసి నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈ ఏడేండ్లు నాకు కొంచెం తేలికగా గడిచేవి. ఆమెను తమ కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, ‘అవ్వా, నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్త, వేలు వెట్టు’ అన్నారు. హర్రాజును ఆపమని ఇచ్చే అభ్యంతరాన్ని మన కార్యాలయంలో ‘ఉజర్’ అంటాము. ఆ ఉజర్‌లో వారు రాసిన వాక్యం నేటికీ రిజిస్టరులో ఉన్నది: ‘పక్షి అన్నము ముట్టలేదు గనుక యజమాని జీవించి ఉన్నట్లు తల్లి వాంగ్మూలము.’

చైర్మను గారు పిలిపించి మండిపడ్డారు. ‘ఏ నిబంధన కింద పిట్ట సాక్ష్యం తీసుకున్నవయ్యా?’

‘సాబ్, వాడు సచ్చిండనెటందుకు మనకాడ గా పాటి సాక్ష్యం గూడ లేదు’ అన్నారు ఫజలుద్దీన్ సాహెబు గారు. చైర్మను గారు సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం నాతో అన్న మాట ఒక్కటే. ‘లావారిస్ అంటే వారసులు లేరని గాదు భయ్. అడగనీకి ఇంక ఎవలు రాలేదని.’ మరునాడు నేను అచ్చు కాగితాలన్నీ చింపి పారేసి, ‘యజమాని ఇంకా రాని వాహనము’ అని కొత్తగా రాశాను. నేడు మన సిబ్బంది అలవాటుగా ‘ఇంకా రాని బండ్లు’ అని అంటున్న మాట పుట్టుక ఇది. అది నా పాండిత్యమని కొందరు నన్ను మెచ్చుకుంటుంటారు. దయచేసి ఇక మెచ్చుకోకండి.

ఇత్తడి బిల్ల చూపితే తప్ప టాంగాను వదలడానికి నిబంధన ఒప్పుకోదు, బాటమీద ఉంచడానికీ ఒప్పుకోదు. అందుచేత అది దొడ్డి చేరింది. కాని ఉజర్ పడిన ప్రతిసారీ గడువు మరి తొంభై రోజులు పెరుగుతుంది. ఏడేండ్లపాటు, గడువు తీరే ప్రతిసారీ, ఫజలుద్దీన్ సాహెబు గారు సిరా డబ్బా, ఫారం పట్టుకొని వాగవతలి వాడకు నడిచిపోయి భూమవ్వ వేలిముద్ర తెచ్చారు. సెలవు దొరికితే మందమర్రి కార్మికవాడల్లో, కాగజ్‌నగర్ మిల్లు గేటు దగ్గర, ఆసిఫాబాద్ బస్టాండులో కాళ్ళరిగేలా తిరిగారు. ఆసిఫాబాద్ చాయ్ హోటలు ఆయన, ‘ఇత్తడి బిల్ల ఉన్న మనిషా? చాందా దిక్కు పోయిండు’ అని మహారాష్ట్ర వైపు చూపాడట. ఆ మాటకు ముందూ లేదు, వెనుకా లేదు. వారి సతీమణి అక్బరీ బేగం గారు ఒక పండుగనాడు మాకు సేమియా వడ్డిస్తూ, ‘మా ఇంట్ల తలుపు కిర్రుమంటె ఫికర్ లేదు, ఆ టాంగా ఇరుసుకైతే నూనె కావాలె’ అని నిష్ఠూరమాడారు. ఆ నూనె సీసా నింపి పంపేది తామేనని మాత్రం చెప్పలేదు.

1964లో హెడ్ గుమాస్తా పదవి వారికి వచ్చింది. ఆ పదవి తీసుకుంటే దొడ్డి తాళంచెవి ఇంకొకరికి ఇవ్వాలి. వద్దని రాసిచ్చారు. ఆ పదవిలో ఇప్పుడున్నది నేను. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఈ ఏడు జూన్ నాలుగో తేదీన తెచ్చిన వేలిముద్ర సరిగా పడలేదు. భూమవ్వ వేలిమీద గీతలు అరిగిపోయినవి. ఆషాఢంలో ఆమె పోయింది. పొరుగింటి ఐలవ్వ వండి పిట్టకు పెడితే, ఫజలుద్దీన్ సాహెబు గారు దూరంగా నిలబడి చూసి వచ్చారు. ‘ఎంటనే ముట్టింది దశరథం’ అన్నారు. ‘టాంగా ఫికర్ నాకిడిసిపెట్టమని అవ్వకు చెప్పిన. నమ్మినట్టుంది’ అన్నారు. 

భూమవ్వ ఇచ్చిన చివరి ఉజర్ గడువు ఎల్లుండి, సోమవారం, తీరిపోతుంది. ఆ సాయంత్రానికి ఎవరూ అడగకుంటే టాంగా హర్రాజుకు పోతుంది. కొండల్ ఏనాడైనా వస్తే, తనకోసం తల్లి తుడిచిన ఆ బండి తప్ప చూసుకోవడానికి ఈ ఊళ్ళో మరేమీ మిగలలేదు. ఉజర్ ఏ పౌరుడైనా ఇవ్వవచ్చు, ఈ కార్యాలయ ఉద్యోగి మాత్రం ఇవ్వకూడదు. పోయిన వారం వారు నా బల్ల దగ్గరకు వచ్చి అడిగారు.

‘ఉద్యోగి ఎప్పటిదాంక ఉద్యోగి?’

‘ముప్పై ఒకటి సాయంత్రం అయిదు గంటల దాంక.’

‘అయితె సోమవారం కిటికీ కాడికి వస్త. ఫారం తీసిపెట్టు.’

‘యజమానితో సంబంధం అనే గడి ఉన్నది సాబ్. ఏమని రాయాలె?’

‘నువ్వే రాయి భయ్. తెలుగు నీది గద’ అని నవ్వారు. ఈ పదకొండేండ్లలో వారు నన్ను దెప్పిన మాట అదొక్కటే. అదీ నవ్వుతూనే.

ఈ వ్యాసం కమీషనరు గారు చదువుతారని తెలిసే రాస్తున్నాను. రిటైరైన ఉద్యోగి ఉజర్‌ను తిరస్కరించడానికి నిబంధన ఏదైనా ఉంటే సోమవారంలోగా నాకు చూపవలసిందిగా సవినయంగా మనవి.

ఫజలుద్దీన్ సాహెబు గారికి, అక్బరీ బేగం గారికి భగవంతుడు, అల్లా, ఎవరు వింటే వారు, నిండు ఆరోగ్యాన్ని, నూరేండ్ల ఆయుష్షును ప్రసాదించుగాక. తొంభై రోజులకొకసారి వారు తమ కాళ్ళమీద తాము నడుచుకుంటూ మా కిటికీ దగ్గరకు రావాలని, కొండల్ ఇత్తడి బిల్ల పట్టుకొని వచ్చేదాకా అలా వస్తూనే ఉండాలని నా ప్రార్థన. ఫారం సిద్ధంగా ఉన్నది. సంబంధం గడిలో ‘వారిస్’ అని రాశాను. ఈసారి దాన్ని తెలుగు చేయలేదు.