తలుపు తియ్యకండి

ఆ యంత్రం మీద ఎందుకండీ విసుక్కుంటారు? దాని తప్పేం లేదు. ఇందాకట్నుంచి నా వేలు తుడుస్తున్నారు, దాని అద్దం తుడుస్తున్నారు, మళ్ళీ నా వేలు తుడుస్తున్నారు. అరిగిపోయేది మీ రుమాలే. తోలు ఊడొచ్చిన వేలికి గీతలెక్కణ్ణుంచి వస్తాయి చెప్పండి?

అమ్మా! మెల్లిగా బాబూ, మెల్లిగా. కట్టు విప్పమన్నారని విప్పాను గాని నొక్కమన్లేదుగా. పచ్చిపుండది.

కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి. మావాణ్ణీ అమ్మాయినీ బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేశారు చూడండి, అందుకు మీకు దణ్ణం. పెద్దవాళ్ళు ఆస్తి రాసిచ్చేటప్పుడు పిల్లలు పక్కన ఉండకూడదని మీ ఆఫీసు పద్ధతట గదా. ఆ పద్ధతి పెట్టినాయనకి పిల్లలుండే ఉంటారు.

ఏమడిగారు ఇందాక? "ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా అమ్మా?" అని. అడిగేసి, నా మొహం చూడకుండా కాగితం తిప్పారు. నేనేమీ అనకముందే వేలు పెట్టమన్నారు. మిమ్మల్ని అనట్లేదులెండి. రోజుకి ఎంతమందిని అడుగుతారో, నాలుక అరిగిపోయుంటుంది. కాని ఒక్క మాట చెప్పండి. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళల్లో ఇప్పటిదాకా ఎవరైనా "కాదు" అన్నారా?

నవ్వకండి. నిజంగానే అడుగుతున్నా.

నన్ను చూస్తే నోట్లో నాలుక లేనిదానిలా ఉన్నానా? మా వీధిలో కనుక్కోండి. నా వెనకాల నన్ను "నిప్పులమ్మ" అంటారు. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసిన రోజుల్లో పడిందా పేరు. కరెంటు పెట్టె వచ్చి బొగ్గులు పోయాయి గాని పేరు పోలేదు. పోయినవారం ఒకాయన, మీలాగే పెద్ద ఆఫీసరు, చొక్కా మీద మరక నేనే చేశానని కొట్టు ముందు నిలబడి కేకలేశాడు. "అయ్యా, ఇది పెదాల రంగు. నేను వేసుకోను, మీ ఆవిడా వేసుకోదు. ఇంకెవరినన్నా అడగండి" అన్నా. చొక్కా చంకలో పెట్టుకుని పరుగు! అంత నోరు నాది. వీధిలో ఎవరితోనైనా కాదనగలను, లేదనగలను, పో అనగలను.

ఇంట్లో మటుకు ఆ నోరు ఎక్కడ పెట్టి మర్చిపోతానో.

మీరలా కూర్చోండి, మీ కాలర్ ఎవరు చేశారో గాని పైపైన లాగేశాడు. కాలర్ ముందు లోపలివైపు చెయ్యాలి, ఆ తర్వాత పైకి తిప్పాలి. సర్లెండి, మీ కాలర్ సంగతి ఇప్పుడెందుకు.

ఆస్తి ఆస్తి అంటున్నారే, అదేంటనుకున్నారు? ముందు ఒక కొట్టు, వెనక ఒక గది, పైన రేకులు. మా ఆయనా నేనూ ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి కట్టుకున్నాం దాన్ని. ఆయన ప్యాంట్లు, నేను చొక్కాలు. ఆ బల్ల కిందే ఊయల కట్టి పిల్లలిద్దర్నీ పెంచాం. పైన పెట్టె వేడి, కింద పిల్లలు నిద్ర. ఆయన పోయాక బల్ల రెండువైపులా నేనే నిలబడుతున్నా. మూలమలుపు కదా, ఇప్పుడా జాగా మీద అందరికీ కన్ను. మొదట్లో అక్కడ కుక్కలు కూడా పడుకునేవి కావు.

పోయినేడు మావాడొచ్చి నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాడు. కిడ్నీలు పాడయ్యాయట. వారం వారం ఆసుపత్రికి పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలట. పక్కన మా అమ్మాయి కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "అన్నయ్యకేమన్నా అయితే మనకెవరున్నారమ్మా" అంది. ఏ తల్లయినా ఇంకేం చేస్తుంది? గాజులిచ్చాను, గొలుసిచ్చాను, నా దినానికి దాచుకున్నది కూడా ఇచ్చాను. చచ్చాక నన్నెవరో ఒకరు మోస్తార్లే, వాడు బతకాలి గాని, అనుకున్నా.

ఆగండి, అసలు సంగతి ఇప్పుడొస్తోంది.

వాడి బట్టలు ఇస్త్రీ చేసేది నేనే కదా. మా పనిలో ఒకటుంది బాబూ. ఉతికిన బట్టయినా సరే, నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించగానే దాన్లో దాక్కున్న వాసన ఆవిరితో లేచి మొహానికి కొడుతుంది. సిగరెట్టు తాగేవాడి చొక్కా, వంటమనిషి చీర, నేను కళ్ళు మూసుకుని చెబుతా. మా వీధి చివర ఆసుపత్రి నర్సుల బట్టలు రోజూ నా దగ్గరికే వస్తాయి. ఆ మందు వాసన నా ముక్కులో కాపరముంటుంది. మరి వారం వారం ఆసుపత్రికి పోయేవాడి చొక్కాలో అది రావాలా వద్దా?

రాలేదు. గోడలకేసే రంగు వాసనొచ్చింది. చెక్కకి పూసే పాలిష్ వాసనొచ్చింది.

ఏమనుకున్నానో తెలుసా? ఆసుపత్రికి కొత్తగా రంగులేయిస్తున్నారేమోలే అనుకున్నా! నేను, నిప్పులమ్మని, అలా అనుకున్నా. ఏడాది పొడుగునా ఏ ఆసుపత్రికండీ రంగులేస్తారు? అనుకున్నా, ఆ చొక్కా నున్నగా మడతపెట్టాను, వాడొచ్చి అడిగితే మళ్ళీ డబ్బులిచ్చాను. ఇంకో చెయ్యి కావాలంటే అదీ ఇచ్చేదాన్ని.

తర్వాత ఒకరోజు ఒకడు టేపు పట్టుకుని కొట్లోకొచ్చాడు. బల్ల కాస్త జరపమన్నాడు. బట్టలకొచ్చాడేమోనని జరిపాను. గోడ కొలిచాడు, గది కొలిచాడు, మా ఆయన ఫోటో తీసి మేకు కింద తట్టి చూశాడు. "ఈ గోడ కొట్టెయ్యొచ్చు" అని ఫోన్లో ఎవరికో చెప్పి, నావైపు తిరిగి, "మీరెప్పుడు ఖాళీ చేస్తారమ్మా? ఓనరుగారు ఈ నెలాఖరన్నారు" అన్నాడు. అద్దెకున్నదాన్ననుకున్నాడు పాపం! నేనూ, "చేస్తాలే నాయనా" అన్నా. ఏమనాలో తోచక.

సాయంత్రం మావాణ్ణడిగా, ఎవర్రా వచ్చింది అని. పన్ను వాళ్ళన్నాడు. "కొట్టు నా పేరున ఉంటే వైద్యానికి అప్పు పుడుతుందమ్మా, ఊరికే పేరు మార్పు, నువ్వుండేదీ చేసేదీ అంతా మామూలే" అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు వాడు ఎడంచేత్తో చెవి లాక్కుంటాడు, ఊయల్లో ఉన్నప్పట్నుంచీ అంతే. లాక్కుంటూనే ఉన్నాడు.

మొన్న ఇద్దరూ వెనక గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నాకు చెవుడనుకుంటారు. బేరాలాడేవాళ్ళ బాధపడలేక కొట్లో చెవుడు నటిస్తాన్లెండి, పిల్లలు కూడా నమ్మేశారు. "నా వాటా ఎప్పుడిస్తావన్నయ్యా" అంది అది. "ముందు ముసల్దాని వేలు పడనియ్యవే" అన్నాడు వీడు. "తర్వాత అమ్మనెక్కడ పెడదాం?" అంది. పెడదాం అంట! పాత ట్రంకుపెట్టెనా నేను, ఏ మూలన పెడదామా అని చూడ్డానికి? "నీ దగ్గర కొన్నాళ్ళుంచుకో" అంటే, "మా ఇంట్లో చోటెక్కడుంది, నీది కొత్తిల్లు కదా" అంది. "కొత్తింట్లో అమ్మేంటే, అంతా పాలరాయి వేయించాం" అన్నాడు.

పాలరాతి మీద నా కాళ్ళు జారతాయని భయం కాబోలు.

అదిగో, మీ కళ్ళు అడుగుతున్నాయి. ఇంత తెలిసీ ఎందుకొచ్చావమ్మా అని. "కాదు" అంటే పోయేదిగా అని. మాట చిన్నదే. రెండక్షరాలు. పాత పేపర్లలో పొట్లాలు కడుతూ కడుతూ అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అవి రాయడమూ వచ్చు, చదవడమూ వచ్చు. అనడమే రాదు. వాడొక్కడితోనే అనలేను.

"నువ్వు వేలు పెట్టకపోతే నేను పోయాననుకో" అన్నాడు వాడు. "నీకు పిల్లల్లేరనుకో" అంది ఇది. వాడు చావడని నాకు తెలుసు బాబూ. పాలరాయి వేయించుకున్నవాడు చస్తాడా? తెలిసినా సరే, ఆ మాట వాడి నోట వినబడగానే నా పేగు కదులుతుంది. ఏం చెయ్యను? కదలొద్దంటే ఆగే పేగు కాదు. కొట్టు పోతే వీధిలో పడతాను, కాదంటే వీళ్ళిద్దరూ పోతారు. రాత్రంతా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తేలలేదు.

అందుకని పొద్దున...

ఈ వేలు పొరపాటున కాలిందని రాసుకున్నారు కదా మీరు? మావాడు చెప్పినట్టే. అది కొట్టెయ్యండి. చేతిలో పెట్టె పట్టుకున్ననాటి నుంచీ ఒక్కసారి చెయ్యి కాల్చుకోలేదు నేను. నిద్రలో ఇస్త్రీ చేసినా కాలదు. పెట్టె మంచి వేడెక్కేదాకా ఆగాను. తిరగేసి బల్ల మీద పెట్టాను. కొంగు నోట్లో కుక్కుకున్నా. వేలు ఆనించి, మా ఆయన ఫోటో వంక చూస్తూ, ఇంక ఓర్చలేననే దాకా ఉంచాను.

అలా చూడకండి. పిచ్చిదాన్ని కాను. నోటితో కాదనలేను గదా, వేలు అంటుందేమోనని. వేలు చెల్లదని మీరే పంపించేస్తారని, వాడి ముందు నేను చెడ్డదాన్ని కాకుండా పోతానని. యంత్రం తప్పు, వేలి తప్పు, అమ్మ తప్పు లేదు. ఎంత తెలివో చూశారా!

వాడొచ్చాడు. వేలు చూడగానే, "అమ్మా!" అని కేకేశాడు. నిజంగానే భయపడ్డాడండీ, ఆ కేకలో నటన లేదు. నా చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదాడు. చిన్నప్పుడు వాడు పడి మోకాలు గీరుకుంటే నేనూదేదాన్ని, అచ్చం అలాగే. బండి మీద మందుల షాపుకి తీసికెళ్ళాడు, దారిలో గుంటలొస్తే మెల్లిగా పోనిచ్చాడు. వాడి వీపుకి చెంప ఆనించుకుని కూర్చున్నా. పెళ్ళయ్యాక వాడంత దగ్గరగా రావడం అదే మొదలు. ఇంక చాలు, కొట్టు పోతే పోయింది, తీసుకోరా, ఇంకో వేలు కాదు చెయ్యే పెడతా, అని మనసులో అనేసుకున్నా కూడా. నిజం.

షాపతను కట్టు కడుతున్నాడు. మావాడు నా భుజం మీద చెయ్యేసి, నా చెవి దగ్గర వంగి, చాలా మెత్తగా అడిగాడు. "ఎడం చేతి బొటనవేలు బానే ఉంది కదమ్మా?"

...

మీరూ దానివంకే చూస్తున్నారు. తెలుసు. ఏ వేలైనా పనికొస్తుందని ఆ షాపులోనే తెలిసింది నాకు. ఇది పోతే అది, అది పోతే చూపుడువేలు. ఎన్నని కాల్చుకోను? ఎవరో వీధిలోవాళ్ళయితే ఆ పూటకన్నా ఆగేవాళ్ళేమో. వాడు నొప్పిగా ఉందా అని కూడా అడిగాడు. అడగలేదని అన్ను. రెండో వేలి సంగతి అడిగాక అడిగాడు.

అయినా వచ్చాను. వాడి బండెక్కే వచ్చాను. తలుపు పడేదాకా ఇదే ఎడం వేలు పెట్టేద్దామనే ఉన్నా. మీరు తలుపేశాకే వాడి మొహం కనబడ్డం మానేసింది.

ఇంకోసారి అడగండి నన్ను. ఇందాకటి మాటే. ఈసారి కాగితం వైపు కాదు, నా వైపు చూసి అడగండి.

అడగండి బాబూ.

...కాదు.

విన్నారా? వచ్చింది! నా ఇష్టం కాదు. నేను ఇవ్వను. ఏదీ, రాసుకోరేం? కలం పట్టుకుని నన్ను చూస్తారేం? ఇంకోసారి అనమంటే అంటానో లేదో నాకే తెలీదు.

ఉండండి, ఉండండి, ఎక్కడికి లేస్తున్నారు? వాణ్ణి పిలిచి చెబుతారా? వద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా, తలుపు తియ్యకండి. ముందు రాసెయ్యండి, ముద్ర కొట్టెయ్యండి. ఆ తలుపు తీశారంటే వాడు "అమ్మా" అంటాడు. అన్నాడంటే ఈ చెయ్యి నా మాట వినదు, దానంతటదే పోయి మీ అద్దం మీద పడుతుంది.

రాయండి నాయనా, తొందరగా. వాడు లేచిన చప్పుడవుతోంది.