అడగొద్దు మావయ్యా

రెండో రౌండు ముగిసింది. రింగు మూలన స్టూలు మీద ఆమె. ఎదురుగా మోకాళ్ళ మీద ఆమె మేనమామ, చిన్నప్పటినుంచీ పాతకాలపు గోదా విద్య నేర్పిన గురువు కూడా ఆయనే.

"తల ఎందుకు వంచావే?"

"అలవాటు."

"పడ్డ మనిషికి తల వంచడం మన గోదాలో. ఇక్కడ రెఫరీ ఆపేదాకా కొడుతూనే ఉండాలని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"చెప్పావు. ఆరేళ్ళప్పట్నుంచీ వంచమనీ నువ్వే చెప్పావు. ఒంటికి ఏది ముందు గుర్తొస్తుంది మావయ్యా?"

"నేను నేర్పిన మర్యాదే నీ కొంప ముంచింది."

"ఏం మునగలేదులే. ఆ పిల్ల లేస్తూ లేస్తూ తన్నింది. ఈ ఆటలో అది చెల్లుతుంది. వెంటనే గంట కొట్టేశారు, అయిపోయింది."

"కణత మీద తగిలింది."

"చెంప మీద."

"కణతేనే. చూశాను కాబట్టే చెప్తున్నాను."

"నీళ్ళివ్వు."

"నీ మొహం ముందరే పట్టుకున్నానుగా."

"ఆ, చెమట. కళ్ళలోకి కారింది."

"ఇందాకే తుడిచానుగా."

"మళ్ళీ కారింది. నస పెట్టకు మావయ్యా. అమ్మ చూస్తోందా?"

"అక్కా? కళ్ళు మూసుకుని కూర్చుంది. నాకూ మూసుకోవాలనే ఉంది. భయమేస్తోందే."

"నాకూ భయమే. ఓడితే వీళ్ళంతా ఏమంటారు? నిన్న బరువు తూచే దగ్గర వాళ్ళ కోచ్ ఏమన్నాడు? మ్యూజియంలోంచి నేరుగా వచ్చారా అన్నాడు."

"నవ్వితే నవ్వనీ. మన సొమ్మేం పోయింది?"

"నువ్వు నిన్న అన్నం కలిపి వదిలేశావు. నేను చూడలేదనుకున్నావా?"

"అదలా ఉంచు. ఒక్క మాట అడుగుతాను."

"అడగొద్దు."

"ఏం అడుగుతానో తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే అడగొద్దు."

"అది కాదే, నీకు..."

"అడిగేదెవరు? మావయ్యా, గురువుగారా?"

"ఇద్దరూ ఒకటే కదే."

"కాదు. మావయ్యకి బోలెడు అబద్ధాలు చెప్పాను. స్కూలు ఎగ్గొట్టి సినిమాకెళ్ళి కడుపునొప్పన్నాను. గోదాలో గురువు అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నావు. ఎప్పుడైనా తప్పానా?"

"లేదు."

"మరి నన్ను ఇరికించకు."

"సరే, మావయ్యగానే అడుగుతున్నాను. కనబడుతోందా?"

"శుభ్రంగా. నీ బట్టతలతో సహా."

"టోపీ పెట్టుకున్నానే నేను."

"ఉంటే? దాని కింద ఏముందో నాకు తెలీదా?"

"డాక్టరు ఇటే వస్తున్నాడు."

"రానీ. ఆయన మన గురువు కాదుగా, చక్కగా అబద్ధమాడేస్తాను. ఒక్క రౌండు మావయ్యా. ఆ పిల్లకి ఊపిరి అయిపోయింది, రొప్పడం వినబడుతూనే ఉంది. గెలుస్తున్నాం."

"ఆపించేస్తాను."

"ఏమని? నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరికీ ఏమీ తెలీదు. అంతే."

"నాకూ కావాలే ఈ గెలుపు. అది చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ, నాకూ కావాలి. అందుకే ఇంతసేపూ నీళ్ళూ చెమటా అంటూ నాన్చాను."

"మరింకేం? పళ్ళ తొడుగు పెట్టు."

"పెట్టను. ఇప్పుడు గురువునే అడుగుతున్నాను."

"వద్దు మావయ్యా. కాళ్ళు పట్టుకుంటాను."

"నీకు కళ్ళు కనబడుతున్నాయా?"

"మావయ్యా, వద్దన్నానా..."

"మావయ్య లేడిక్కడ. చెప్పమ్మా."

"మీరు ఎటువైపునుంచి అడుగుతున్నారు, గురువుగారూ?"